షియాన్ చుట్టుపక్కల: దక్షిణాన భిక్షువులు, ఉత్తరాన చక్రవర్తులు

మీరు అడిగినవి మూడు. చైనాలోని షియాన్‌లో ఐదు రోజులుంటారు, మట్టి సైనికుల్ని ఎలాగూ చూస్తారు, అది కాక నగరం బయట ఏం చూడాలి? ఆచార్య నాగార్జునుడికి, హ్యుయాన్‌త్సాంగ్‌కి సంబంధించిన చోట్లు అక్కడ నిజంగా ఉన్నాయా? మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, మాంసం ముట్టని అమ్మగారు ఈ తిరుగుడు తట్టుకోగలరా?

ఉన్నాయి, తట్టుకోగలరు. కాకపోతే ఒక్క నియమం పెట్టుకోండి: ఒక రోజుకి ఒకే దిక్కు. షియాన్ వెళ్లినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తున్నాయని పొద్దున తూర్పున లిన్‌టోంగ్ (మట్టి సైనికులున్న చోటు), మధ్యాహ్నం వాయవ్యాన ఛియన్‌లింగ్ సమాధి అని రాసుకుంటారు. ఈ రెంటి మధ్య వంద కిలోమీటర్ల పైనే ఉంది. మెట్రో లైన్లూ బస్సులూ నగరం నుంచి బయటికి పోతాయి గానీ ఒక పొలిమేర నుంచి ఇంకో పొలిమేరకి పోవు. ప్రతిసారీ నగరంలోకి వచ్చి మళ్లీ బయటికి వెళ్లాలి. సాయంత్రం ఐదుకి గేటు దగ్గరికి చేరితే లోపలికి పంపరు.

ముందు ఆ నేల తీరు చూడండి, ఏది ఎటు ఉందో దానంతటదే అర్థమవుతుంది. నగరానికి ఉత్తరాన వేయ్ నది. నది దాటాక ఎత్తుగా, పొడిగా, లోతైన పసుపు మట్టి మైదానం. సమాధులు తవ్వడానికి అంతకన్నా మంచి నేల దొరకదు. పశ్చిమ హాన్ వంశపు 11 మంది చక్రవర్తుల్లో 9 మందివి, ఆ ప్రాంతంలో ఉన్న థాంగ్ వంశపు 18 చక్రవర్తి సమాధులూ నదికి ఉత్తరానే ఉన్నాయి. దక్షిణాన ఛిన్‌లింగ్ పర్వతాలు. వాటి పాదాల దగ్గర ఊటలు, నీడ, అప్పటి రాజధాని ఛాంగాన్‌కి (ఇప్పటి షియాన్) ఒక రోజు నడక దూరం. విహారాలన్నీ అటు చేరాయి. అందుకే ఉత్తరానికి ఒక రోజు, దక్షిణానికి ఒక రోజు. మొదటి చక్రవర్తి ఛిన్ షిహువాంగ్ సమాధి మాత్రం తూర్పున విడిగా ఉంది.

మీరు అడిగినదాన్ని బట్టి దక్షిణం రోజే మీకు ముఖ్యం. చాలామంది పర్యాటకులు అటు వెళ్లరు. ఛాంగాన్ జిల్లాలో రెండు, హుయీ జిల్లాలో ఒకటి, మొత్తం మూడు చోట్లు ఒక రోజులో తీరిగ్గా అవుతాయి.

మొదటిది షింగ్‌జియావ్ విహారం. నగర మధ్యం నుంచి 20 కిలోమీటర్లకి కాస్త పైన, షావోలింగ్ గట్టు మీద. హ్యుయాన్‌త్సాంగ్ 664లో చనిపోయాక ముందు వేరే చోట సమాధి చేశారు. 669లో అస్థికల్ని ఇక్కడికి తెచ్చి ఇటుక స్తూపం కట్టారు. ఐదు అంతస్తులు, 21 మీటర్ల ఎత్తు. పక్కనే మూడేసి అంతస్తుల చిన్న స్తూపాలు రెండు. ఒకటి శిష్యుడు కుయీజీది, రెండోది కొరియాలోని సిల్లా రాజ్యం నుంచి వచ్చిన వొన్‌చుక్‌ది. 19వ శతాబ్దపు అల్లర్లలో కట్టడాలన్నీ కాలిపోయి ఈ మూడే మిగిలాయి. ఇప్పుడు కనిపించే మండపాలు తర్వాత కట్టినవి. 2014లో పట్టు దారి (సిల్క్ రోడ్) వారసత్వ స్థలాల్లో భాగంగా యునెస్కో జాబితాలోకి ఎక్కింది. గేటు దాటాక ఎదురుగా ఉన్న మందిరాల దగ్గరే ఆగిపోకండి. స్తూపాలు పడమటి వైపు విడి ఆవరణలో ఉన్నాయి. పెద్ద స్తూపం కింది అంతస్తులో చిన్న గూడు, అందులో హ్యుయాన్‌త్సాంగ్ ప్రతిమ ఉంటాయి. ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, నెలల తరబడి ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్న మనిషి ఈయనే. వేంగిని, అప్పటి ఆంధ్ర దేశాన్ని కూడా తన యాత్రా వివరాల్లో రాశారు. మనవాళ్లు షియాన్ వెళ్లి నగరంలోని పెద్ద బాతు స్తూపం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. అది ఆయన గ్రంథాలు భద్రపరచడానికి 652లో కట్టింది. ఆయన ఉన్నది ఇక్కడ.

ఇక్కడికి ఒక గంట చాలు. మెట్లు తక్కువే, నాన్నగారికి ఇబ్బంది లేదు. మెట్రోలో రావాలనుకుంటే 4వ లైన్ దక్షిణపు కొస, హాంగ్‌థ్యెన్ షిన్‌ఛెంగ్, దాకా వచ్చి అక్కడ క్యాబ్ ఎక్కొచ్చు. నలుగురు ఉన్నప్పుడు మాత్రం హోటల్ నుంచే కారు మేలు.

దారిలో షియాంగ్‌జీ విహారం. అమితాభ బుద్ధుణ్ణి కొలిచే సుఖావతీ శాఖకి మూలపురుషుల్లో ఒకరైన షాన్‌దావో స్మారకంగా కట్టిన స్తూపం ఇక్కడుంది. 13 అంతస్తుల్లో ఇప్పుడు 11 మిగిలాయి. అరగంట చాలు. టైము తక్కువైతే వదిలేయండి.

తర్వాత హుయీ జిల్లా, త్సావోతాంగ్ విహారం. నగరం నుంచి 40 కిలోమీటర్ల లోపే. 401లో బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుణ్ణి రాజు యావో షింగ్ ఛాంగాన్‌కి రప్పించాడు. ఆయన ఆధ్వర్యంలో వందల మంది భిక్షువులు కూర్చుని సంస్కృత గ్రంథాల్ని చైనీసులోకి తెచ్చారు. అందులో నాగార్జునుడి మూలమధ్యమకకారికలు వ్యాఖ్యానంతో సహా 409లో పూర్తయ్యాయి. ద్వాదశముఖ శాస్త్రం, ఆర్యదేవుడి శతశాస్త్రం కూడా ఆ రోజుల్లోనివే. ఈ మూడింటి మీద నిలబడిన శాఖని చైనాలో మూడు శాస్త్రాల శాఖ అంటారు. ఆ శాఖకి మూలస్థానం ఈ విహారమే. నాగార్జునుడు చైనాకి వెళ్లలేదు, ఆయన మాట వెళ్లింది. దిగిన చోటు ఇది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. కుమారజీవుడి స్తూపం అంటే ఆకాశాన్నంటే కట్టడం అనుకుని వెతుకుతారు, కనిపించక వెనక్కి వస్తారు. అది రెండున్నర మీటర్ల లోపు రాతి స్తూపం. చిన్న మండపంలో, కంచె లోపల ఉంటుంది. ఎనిమిది రంగుల రాళ్లతో చెక్కారు, థాంగ్ కాలం నాటిది. పీఠం మీద మేరు పర్వతం, అలలు, మేఘాలు. పైన నిజమైన చెక్క ఇంటిలాగే దూలాలు, పెంకులు, అన్నీ రాతిలోనే. మబ్బు పట్టిన రోజున రంగుల తేడా తెలియదు. ఎండ ఉన్న మధ్యాహ్నానికి చేరేలా చూసుకోండి. వెనక వెదురు తోటలో పొగమంచు బావి ఉంది. ఒకప్పుడు ఆవిరి లేచేదని దాన్ని ఈ ప్రాంతపు ఎనిమిది వింతల్లో ఒకటిగా లెక్కపెట్టారు. ఇప్పుడు వెళ్తే మామూలు బావే, ఆశ పెట్టుకోవద్దు. దానికన్నా 855 నాటి శిలాశాసనం దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. చైనీసు అక్షరం రాకపోయినా ఆ చేతిరాత అందం తెలుస్తుంది.

హుయీ దాటి ఇంకా పడమటికి, ఝోజి కౌంటీలో షియన్‌యో విహారం ఉంది. నగరం నుంచి 80 కిలోమీటర్ల పైన, అందరికీ చెప్పను. నాగార్జునకొండ కథ తెలిసినవాళ్లకి మాత్రం చెబుతాను. హెయ్‌హె నది మీద షియాన్‌కి తాగునీటి జలాశయం కట్టినప్పుడు ఈ విహారం మునకలో పోయింది. స్వీ వంశపు కాలం నాటి ఏడంతస్తుల ఇటుక స్తూపాన్ని 1998 నుంచి ఇటుక ఇటుకా విప్పి పై గట్టు మీద తిరిగి కట్టారు. విప్పుతుంటే అడుగున భూగృహంలో ధాతువులు బయటపడ్డాయి. సాగర్ నీళ్లు రాకముందు మన దగ్గర తవ్వి అనుపుకి, కొండ మీదికి తరలించినదాన్ని చూసినవాళ్లకి, అక్కడ ఆ పనే ఎలా చేశారో పోల్చి చూడటం బాగుంటుంది. అలాంటి ఆసక్తి లేకపోతే అంత దూరం దండగ.

ఇక అసలు చిక్కు: తిరుగు ప్రయాణం. వెళ్లడం సులువు. యాప్‌లో క్యాబ్ పెడితే త్సావోతాంగ్ దాకా వస్తాడు. వెనక్కి రావడానికి మాత్రం సాయంత్రం నాలుగున్నరకి ఆ పల్లె దగ్గర బుక్ చేస్తే ఎవరూ తీసుకోరు. ఊరి బయట కార్లు తక్కువ, ఉన్నవాడు ఖాళీగా రావడానికి ఇష్టపడడు. అందుకే మొదటి నుంచీ రోజంతా ఉండే కారు మాట్లాడుకోండి. అక్కడి మాట ‘బావ్ ఛ’. హోటల్ వాళ్లని అడిగితే చూస్తారు. బేరం డబ్బు దగ్గరే ముగించకండి. ఏయే చోట్లు, ఏ వరసలో, ఎన్ని గంటలకి తిరిగి దించాలి, టోల్, పార్కింగ్ లోపలేనా బయటా, గంట ఎక్కువైతే ఎంత అన్నవి చైనీసులో చాట్‌లో రాయించుకోండి. దారిలో పచ్చరాయి దుకాణాల్లోకి తిప్పకూడదు అని కూడా రాయించండి. ఏమీ అనకపోతే లిన్‌టోంగ్ వైపు వెళ్లే డ్రైవర్లలో కొందరు తప్పకుండా తిప్పుతారు, అక్కడ వాళ్లకి కమీషన్ ఉంటుంది. వేసవి శని, ఆదివారాల్లో పర్వత పాదాల రోడ్డు మీద నగరవాసుల కార్లు కిక్కిరిసిపోతాయి. దక్షిణం రోజుని మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి.

ఉత్తరాన సమాధులు బోలెడు. అన్నీ చూస్తే అన్నీ మట్టి దిబ్బల్లాగే కనిపిస్తాయి. ఒక రోజుకి రెండే. ఛియన్‌లింగ్ తప్పదు. 80 కిలోమీటర్లు. చక్రవర్తి గావ్‌జోంగ్, ఆయన భార్య వూ జథియన్ ఇద్దరూ ఒకే కొండ లోపల ఉన్నారు. చైనా చరిత్రలో చక్రవర్తి బిరుదుతో స్వయంగా సింహాసనం ఎక్కిన స్త్రీ ఆమె ఒక్కతే. సమాధిని ఇంతవరకూ తెరవలేదు. చూడాల్సింది కొండ మీదికి వెళ్లే దారి: రెక్కల గుర్రాలు, నిప్పుకోళ్లు, నిలబడ్డ రాతి మనుషులు, చివర అక్షరం లేకుండా వదిలేసిన వూ జథియన్ శిల, దాని వెనక తలల్లేని 61 మంది విదేశీ దూతల విగ్రహాలు. వీపుల మీద పేర్లు చెక్కారు. చాలావరకు అరిగిపోయాయి, కొన్నే చదవడానికి వీలుగా ఉన్నాయి.

కింది గేటు నుంచి మొదలుపెడితే ఐదు వందల పైచిలుకు మెట్లు. నాన్నగారిని ఎక్కించకండి. టికెట్ తీసుకునేటప్పుడే బ్యాటరీ బండి ఎక్కడిదాకా వెళ్తుందో అడిగి, పైన ఉన్న విగ్రహాల దారి దగ్గర దింపమనండి. అక్కడి నుంచి వాలు కొంచెమే. అదే టికెట్ ప్రాంతంలో యోంగ్‌థాయ్ రాకుమారి సమాధిలోకి దిగొచ్చు. సొరంగం 87 మీటర్లు, వాలుగా దిగాలి, తిరిగి ఎక్కాలి, గాలి చెమ్మగా ఉంటుంది. గోడల మీది చిత్రాలు నకళ్లు. అసలైనవి ఊపిరి తేమకి పాడవుతాయని నగరంలోని షాన్షీ చరిత్ర మ్యూజియానికి తరలించారు. 1960లలో తవ్వినప్పుడు దొంగలు దిగిన కన్నం, ఇనుప గొడ్డలి, ఒక దొంగ అస్థిపంజరం కూడా దొరికాయి. పిల్లలుంటే ఇదే వాళ్లకి గుర్తుండిపోతుంది.

రెండోదిగా మామూలుగా అందరూ హాన్ చక్రవర్తి వూ సమాధి మావోలింగ్ చెబుతారు. అక్కడ సేనాని హువో ఛ్యూబింగ్ సమాధి దగ్గరి హాన్ కాలపు రాతి గుర్రాలు గొప్పవే. తిరుగు దారిలోనే పడుతుంది, మోకాళ్లకీ సుఖం. కానీ భారతదేశంతో ముడి కావాలంటే జావోలింగ్. థాంగ్ చక్రవర్తి థాయ్‌జోంగ్ సమాధి, 1,188 మీటర్ల కొండ. అక్కడ ఉత్తర ద్వారం దగ్గర 14 మంది విదేశీ పాలకుల విగ్రహాలు నిలబెట్టారు. దొరికిన పీఠాల్లో ఒకదాని మీద మన దేశపు రాజు పేరుంది. 647లో హర్షుడు చనిపోయాక ఆయన సింహాసనం ఆక్రమించినవాణ్ణి చైనా రాయబారి వాంగ్ షువాన్‌త్స, టిబెట్, నేపాల్ సైన్యాల సాయంతో ఓడించి 648లో ఛాంగాన్‌కి పట్టుకెళ్లాడు. చైనీయులు అరుణాశ్వుడి లాంటి పేరుతో రాసుకున్నది అతన్నే. దిగువన మ్యూజియం ఒకటి, పైన కొండ మీద ద్వారం ఒకటి. ఈ రెంటి మధ్య పది కిలోమీటర్ల పైన మలుపుల రోడ్డు, బస్సులు నమ్ముకోలేరు. డ్రైవర్‌తో ముందే ‘మ్యూజియం, ఉత్తర ద్వారం, రెండూ’ అని చెప్పకపోతే మ్యూజియం దగ్గర దింపి అయిపోయిందంటాడు. ఇక్కడి ఆరు గుర్రాల శిల్పాలు నకళ్లు. అసలైనవి నాలుగు షియాన్‌లోని శిలాశాసనాల మ్యూజియంలో, రెండు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్నాయి.

విమానాశ్రయానికి దగ్గరగా హాన్ యాంగ్‌లింగ్ అని హాన్ చక్రవర్తి జింగ్ సమాధి ఒకటుంది. తిరిగి వెళ్లే రోజు విమానం సాయంత్రమైతే అప్పుడు పెట్టుకోండి. నేల అడుగున గాజు మీద నడుస్తూ కింద గుంటల్లో అడుగున్నర, రెండడుగుల మట్టి బొమ్మలు చూడొచ్చు. చేతుల్లేకుండా, బట్టల్లేకుండా ఉంటాయి. చేతులు చెక్కవి, బట్టలు పట్టువి, రెండూ పుచ్చిపోయాయి. జనం తక్కువ, అంతా చదును. మట్టి సైనికుల దగ్గర తోపులాటలో విసిగినవాళ్లకి ఇదే ఎక్కువ నచ్చుతుంది. నా లెక్కలో షియాన్‌లో అందరూ తక్కువ అంచనా వేసే చోటు ఇదే.

ఫామెన్ విహారానికి ఒక రోజు విడిగా కావాలి. పడమటికి 120 కిలోమీటర్లు, బావ్‌జీ ప్రాంతం. 1981లో వానలకి పాత స్తూపం సగానికి నిలువునా కూలింది. తిరిగి కట్టడానికి పునాది తవ్వితే 1987 ఏప్రిల్‌లో 874లో మూసేసిన భూగృహం బయటపడింది. బుద్ధుడిదని చెప్పే వేలి ఎముక ఒకదానిలో ఒకటి పెట్టిన ఎనిమిది పెట్టెల అమరికతో దొరికింది. భట్టిప్రోలు స్తూపంలో రాతి పెట్టెలో స్ఫటిక భరిణె దొరికిన సంగతి తెలిసినవాళ్లకి ఈ పద్ధతి ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. లోపల పెట్టిన వస్తువులన్నిటికీ రాతి మీద జాబితా ఉంది. దాని వల్లే ‘రహస్య వర్ణం’ అని పాత కవులు పొగిడిన పింగాణీ ఏదో తొలిసారి తేలింది. ఇదంతా మ్యూజియంలో ఉంది. వచ్చినవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, కొత్తగా కట్టిన 148 మీటర్ల జోడించిన చేతుల ఆకారపు గోపురం వైపు కిలోమీటరుకి పైగా ఉన్న రాజమార్గంలో నడిచి అలసిపోయి, మ్యూజియం చూడకుండా వెళ్లిపోతారు. ముందు మ్యూజియం, తర్వాత పాత విహారం, ఓపిక మిగిలితే బ్యాటరీ బండిలో గోపురం. ధాతువు దర్శనం అన్ని రోజులూ ఉండదు. శని, ఆదివారాలు, చైనా చాంద్రమాసపు 1, 15 తేదీలు చూసుకుని, హోటల్ వాళ్లతో ఫోన్ చేయించి నిర్ధారించుకుని బయలుదేరండి. షియాన్ నార్త్ నుంచి యాంగ్‌లింగ్ సౌత్‌కి వేగరైలు అరగంటే. అక్కడి నుంచి క్యాబ్.

లిన్‌టోంగ్ గురించి రెండు ముక్కలే. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్‌ఛి స్టేషన్, బయట 613 నంబరు బస్సు. టికెట్ పాస్‌పోర్టు నంబరుతో ముందే తీసుకోవాలి, 120 యువాన్లు. కంచు రథాలు సైనికుల గుంటల దగ్గర లేవు, చక్రవర్తి సమాధి దిబ్బ ఉన్న ఉద్యానంలో కొత్త మ్యూజియంలో ఉన్నాయి. అదే టికెట్టు. తెలియక వదిలేసి వచ్చేవాళ్లు ఎక్కువ. దారిలో ఎవరైనా పిలిచి ‘ఇదే అసలు ప్రవేశం’ అంటే పట్టించుకోకండి.

ఐదో రోజు ఖాళీ ఉంటే ఆగ్నేయాన లాన్‌థియెన్ కౌంటీలో ష్వేలూఆన్. ఒక చిన్న మందిరం గోడల నిండా మింగ్ కాలపు రంగుల మట్టి బొమ్మలు, 3,700కి పైగా. లోపల వెలుతురు తక్కువ కాబట్టి చిన్న టార్చి కాదు, బైనాక్యులర్ పట్టుకెళ్లండి. టార్చి వెలుగు రంగుల మీద వేయనివ్వరు.

భోజనం. షియాన్ గొర్రె మాంసపు ఊరు. అమ్మగారి కోసం ‘వో ఛ్ సూ’ (నేను శాకాహారిని), ‘బూ యావ్ రో’ (మాంసం వద్దు), ‘బూ యావ్ దాన్’ (గుడ్డు వద్దు) అన్న మూడు ముక్కలు ఫోన్‌లో చైనీసులో రాసి పెట్టుకోండి. మాంసం ముక్కలు తీసేసి ఇచ్చినా పులుసు ఎముకలదే కావచ్చు, అందుకని పులుసు నూడుల్స్ అడగొద్దు. ‘యోపో మియెన్’ అడగండి: వెడల్పాటి నూడుల్స్ మీద ఎండుకారం వేసి మరిగే నూనె పోస్తారు. గుంటూరు నోటికి కూడా సరిపోతుంది. చల్లటి నూడుల్స్ ‘లియాంగ్‌ఫీ’ కూడా మాంసం లేనిదే. కొన్ని విహారాల్లో పదకొండున్నర ప్రాంతంలో సాత్విక భోజనం ఉంటుంది, అన్నిచోట్లా బయటివాళ్లకి పెట్టరు.

డబ్బు, ఫోను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. అక్కడి చెల్లింపుల యాప్ అలీపేలో వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలపండి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉంచండి. ఒకసారికి 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది, పెద్ద బిల్లుని పంచి కట్టొచ్చు. కారు అద్దెకి కొంత నగదు కూడా ఉంచుకోండి. గూగుల్ మ్యాప్స్ అక్కడ పనిచేసినా చుక్క పక్కకి చూపిస్తుంది. గావ్‌ద మ్యాప్ వాడండి. భారత పాస్‌పోర్టుకి చైనాలో 240 గంటల వీసా లేని మజిలీ వర్తించదు, ఇంకెవరో చెప్పింది నమ్మి టికెట్లు కొనకండి.

పేర్ల చిక్కు మనవాళ్లకి ప్రత్యేకం. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు, పొడవాటి పేర్లు చాలా. రైలు టికెట్‌కైనా, మ్యూజియం టికెట్‌కైనా పాస్‌పోర్టులో ఉన్నట్టే పెద్దక్షరాల్లో, అదే వరసలో రాయండి. ఒక యాప్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా రాస్తే గేటు తెరుచుకోదు. యంత్రం పాస్‌పోర్టు చదవకపోతే చివర మనిషి ఉండే వరస ఉంటుంది, అటు వెళ్లండి. షియాన్ నార్త్ చాలా పెద్దది, 45 నిమిషాల ముందు చేరండి.

నెల విషయానికొస్తే ఏప్రిల్, లేదా అక్టోబరు రెండో సగం. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, మే మొదటి వారం, వసంతోత్సవం రోజులు అసలొద్దు. సెప్టెంబరులో ముసురు పట్టి రోజుల తరబడి వదలదు, జావోలింగ్ కొండ రోడ్డు అప్పుడు ప్రమాదం. శీతాకాలం వెళ్తే దేశమంతా బీజింగ్ టైమే కాబట్టి షియాన్‌లో తెల్లవారేసరికి ఏడున్నర దాటుతుంది. గేట్లు మాత్రం ఐదు, ఐదున్నరకే మూస్తారు. ఆ నెలల్లో దక్షిణం రోజు మూడు విహారాలు పట్టవు, షియాంగ్‌జీ తీసేసి రెండింటితో సరిపెట్టుకోండి.